ఎనిమిది ఆవుల మీద పదిహేను లక్షలు

నా వయసు ముప్పై తొమ్మిది. ఈ వయసులో రిటైరయ్యేది క్రికెట్ ఆటగాళ్ళు. వాళ్ళకైతే మైదానం చుట్టూ చప్పట్లుంటాయి. నాకొక ఈమెయిలు వచ్చింది. మూడు బ్రాంచీలను కలిపి ఒకటి చేస్తున్నామని, కలిపిన బ్రాంచిలో నా కుర్చీ ఉండదని, ఇన్నేళ్ళ సేవలకు ధన్యవాదాలని అందులో రాశారు. ధన్యవాదాలు చెప్పిన చోట నా పేరుకు బదులు ఎవరో శ్రీనివాసులు పేరుంది. ఆయనకు చేరాల్సినవి నాకు వచ్చాయో, నాకు రావాల్సినవి ఆయనకు వెళ్ళాయో ఇప్పటికీ తెలియదు.

ఇళ్ళకు అప్పులిచ్చే ఆ కంపెనీలో పద్నాలుగేళ్ళు క్రెడిట్ ఆఫీసరుగా పనిచేశాను. బ్రాంచి మదనపల్లిలో. పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల ఊళ్ళు కూడా నావే. జనం నన్ను 'లోను మేడం' అనేవాళ్ళు. నిజానికి లోను ఇచ్చేది కంపెనీ. ఎవరికి ఎంత ఇవ్వొచ్చో తేల్చడమే నా పని. తక్కువ తేల్చినప్పుడు మాత్రం అందరికీ కంపెనీ కాకుండా నేనే గుర్తొచ్చేదాన్ని.

మా అక్క కూతురు పోయిన నెల ఇలాంటి ఉద్యోగంలోనే చేరింది. ఫోన్ చేసి, "చిన్నమ్మా, ముందు ఏం నేర్చుకోవాల?" అని అడిగింది.

"హెల్మెట్ కొనుక్కో. బ్యాగులో బిస్కెట్లు పెట్టుకో, వీధి కుక్కలకు."

"అది కాదు చిన్నమ్మా, సీరియస్‌గా చెప్పు."

నేను సీరియస్‌గానే చెప్పాను. బిస్కెట్ల తరవాత చెప్పాల్సింది కొంచెం ఎక్కువుంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. ఒకటే వచ్చింది, అది కూడా ముందున్న ఆయన మానేస్తే.

సగం లెక్క

కంపెనీ నియమం చాలా సులువు. ఇంటికి నెలకు ఎంత వస్తుందో చూసి, అందులో సగం దాకా కంతు వేయొచ్చు. కంతంటే ఈఎంఐ. మా వైపు ముసలివాళ్ళ నుంచి సెల్‌ఫోన్ కొట్టు పిల్లల దాకా అందరూ కంతే అంటారు. పదిహేనేళ్ళ గడువుకు లక్షకు నెలకు సుమారుగా పన్నెండు వందల కంతు పడేది. అంటే నలభై వేలు వచ్చే ఇంటికి ఇరవై వేల కంతు, పదహారు లక్షల పైచిలుకు అప్పు. క్యాలిక్యులేటర్‌తో రెండు నిమిషాల పని.

మిగతా ఉద్యోగమంతా ఆ నలభై వేలు ఎక్కడున్నాయో వెతకడమే.

మదనపల్లిలో టమోటా ధర పెరిగిన వారం మా ఆఫీసులో కుర్చీలు చాలేవి కావు. ఒక్కొక్కరూ మార్కెట్ చీటీ టేబుల్ మీద పెట్టి, "ఇదీ మేడం నా ఆదాయం" అనేవాళ్ళు. అబద్ధం కాదు. ఆ వారం ఆదాయం అదే. మూడు నెలల తరవాత అదే మనిషి బాక్సులు మార్కెట్‌కు తెచ్చిన బాడుగ కూడా రాలేదని తలపట్టుకునేవాడు. అదీ అబద్ధం కాదు. నాకేమో ఫారంలో 'నెలసరి ఆదాయం' అన్న గడి ఒక్కటే ఉండేది, అందులో ఒకే అంకె పట్టేది.

మా మేనేజరు కుప్పుస్వామి సారుది కుప్పం దగ్గర ఊరు. తెలుగు, తమిళం, కన్నడం మూడూ వచ్చు. ఏ భాషలో తిడితే ఎవరికి ఎక్కువ తగులుతుందో కూడా తెలుసు. ఆయన ఎవరినీ నెలకెంత సంపాదిస్తావని అడిగేవాడు కాదు. "పోయినేడు నీకు బో కష్టమైన నెల ఏదప్పా? ఆ నెల్లో ఇంట్లోకి ఎంతొచ్చింది?" అని అడిగేవాడు. చెప్పినదాన్ని మూడు భాగాలు చేసి, ఒక భాగం మాత్రం కంతుకు పెట్టేవాడు.

"మంచి నెల్లో అందురూ కడతారమ్మా," అనేవాడు. "మన కంతు చెడ్డ నెల్లో గూడా పోయి తలుపు కొడతాది గదా."

నాకప్పుడు ఇరవై ఆరు. పెద్దాయన భయస్తుడనుకున్నాను. కంపెనీ సగం దాకా ఇవ్వమంటుంటే ఈయన మూడో వంతు దగ్గర ఆగడమేమిటి, అదీ చెడ్డ నెల లెక్కతో? ఇలా అయితే మా బ్రాంచి టార్గెట్ మా మనవళ్ళ కాలానికి పూర్తవుతుందని స్టాఫ్ దగ్గర జోకు కూడా వేశాను. సారు వెనకే నిలబడి ఉన్నాడు. ఆయనా నవ్వాడు. అందుకే ఆ జోకు ఇప్పటికీ నాకు నచ్చదు.

చుట్టపు చూపుగా వచ్చే యజమాని

కుప్పం నుంచి పొద్దున్నే రైలెక్కి బెంగుళూరు పోయి, పని చేసుకుని, సాయంత్రం రైల్లో ఇల్లు చేరేవాళ్ళు చాలామంది. రమేష్ వాళ్ళలో ఒకడు. ఒక ఫ్యాక్టరీలో ముప్పై రెండు వేల జీతం. భార్య కల్పన ఇంట్లో జాకెట్లు కుట్టి ఎనిమిది వేలు తెస్తుంది. మొత్తం నలభై. జీతం స్లిప్పులు ఆరు నెలలవి వరసగా పిన్ను కొట్టి తెచ్చాడు. టమోటా చీటీలు చూసి చూసి ఉన్న నాకు ఆ స్లిప్పులు చూస్తే కళ్ళు చల్లబడ్డాయి.

"పదహారు లక్షలు ఇచ్చేద్దాం సార్."

"పదికి ఆపమ్మా."

"స్లిప్పుంది సార్!"

"స్లిప్పు ఉండాది. రైలో?"

అర్థం కాలేదు. అర్థం కానట్టు కనపడటం ఇష్టం లేక వాదించాను. చివరికి ఆయన, "సరే, నీ ఫైలు, నువ్వు సూసుకో," అని సంతకం పెట్టాడు.

ఏడాది బాగానే గడిచింది. తరవాత రమేష్ వాళ్ళ ఫ్యాక్టరీలో షిఫ్టు మారింది. డ్యూటీ దిగేసరికి సాయంత్రం రైలు వెళ్ళిపోయేది. వేరే దావ లేక బెంగుళూరులో ఇద్దరితో కలిసి రూము తీసుకున్నాడు. అద్దెకు, తిండికి కలిపి ఎనిమిది వేలు ఎగిరిపోయాయి. జీతం స్లిప్పులో మాత్రం ఒక్క పైసా మారలేదు. స్లిప్పు చూస్తే మనిషి ఇంకా హాయిగా ఉన్నాడు.

రెండు కంతులు ఆగాక నేనే కుప్పం వెళ్ళాను. ఇల్లు చక్కగా కట్టారు. గడప దగ్గర నల్లరాయి, లోపల తెల్ల టైల్స్, వంటింట్లో చేతికందే ఎత్తులో అరలు. ఆదివారం కాబట్టి రమేష్ ఉన్నాడు.

"ఇల్లు బాగుందండీ," అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

"బాగుండాది మేడం," అన్నాడు. "వారానికొగ దినం వచ్చి సూసిపోతాండా."

కల్పన లోపలి నుంచి, "ఈ ఇంటికి ఆయన చుట్టం మేడం. ఆదివారం వస్తాడు, మర్యాద చేసి పంపిస్తాండా," అంది.

ఇద్దరూ నవ్వారు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టుంటే బాగుండేది. కాఫీ ఇచ్చారు. పైగా మంచి కాఫీ.

గడువు ఇరవై ఏళ్ళకు పొడిగించి కంతు తగ్గించాం. అంటే నా తప్పుకు శిక్షగా ఐదేళ్ళు వాళ్ళకు పడ్డాయి. కొత్తగా చేరినవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఈ ఉద్యోగంలో మన పొరపాటుకు మనం మహా అయితే ఒక మెమో తీసుకుంటాం, కట్టేది ఇంకొకరు. ఇంటికి ఎంత వస్తుందని అడిగితే సరిపోదు. ఏ దారిన వస్తుంది, ఆ దారిలో ఎక్కడ తెగొచ్చు అని కూడా అడగాలి. కుప్పుస్వామి సారు రైలు గురించి అడిగింది అదే.

ఆ రోజు నుంచి నేను ఆయన లెక్కే వేశాను. ఆయనకు చెప్పలేదు. నా ఫైళ్ళలో అంకెలు చిన్నవైపోవడం చూసి ఆయనే తెలుసుకుని ఉంటాడు.

ఐదు లక్ష్ములు

గంగులప్పది పుంగనూరు పక్క పల్లె. ముప్పై అయిదేళ్ళ మనిషి. ఇస్త్రీ చొక్కాతో ఆఫీసుకు వచ్చి, కూర్చోకముందే పదిహేను లక్షలు కావాలన్నాడు. పుంగనూరు ఊరి చివర ఇంటిస్థలం చూసుకున్నాడు, ఇరవై వేలు అడ్వాన్సు కూడా ఇచ్చేశాడు. నాలుగు నెలల్లో రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. కింద ఒకటి, పైన ఒకటి, రెండంతస్తులు.

"రెండెందుకప్పా?" అన్నాను.

"పైది బాడుగకు మేడం." కొంచెం ఆగాడు. "మా తోడల్లుడు మదనపల్లిలో రెండే కట్టినాడు."

నేను తోడల్లుడి గురించి అడగలేదు. అడక్కుండా చెప్పిన సంగతి ఫైల్లో రాయడానికి గడి లేదు గానీ, లోను అసలు కారణం సాధారణంగా అదే అయ్యుంటుంది.

ఆదాయం ఎనిమిది ఆవులు, ఒక ఆటో. దాణా, మేత ఖర్చులు పోను నెలకు నలభై వేలన్నాడు. చూసి రావడానికి ఒక మధ్యాహ్నం వెళ్ళాను.

పుంగనూరు పేరు చెబితే బయటివాళ్ళు మోకాలెత్తు పొట్టి ఆవుల్ని అడుగుతారు. మా లోన్లన్నీ సీమావుల మీదే, అంటే ఎక్కువ పాలిచ్చే సంకరజాతివి. క్యాన్లు నింపి పాలకేంద్రానికి పోయించేది అవే. గంగులప్ప కొట్టం ముందు అలాంటివి ఎనిమిది వరసగా కట్టేసి ఉన్నాయి. అన్నింటికీ స్నానం చేయించారు. ఒకదాని మెడలో బంతిపూల దండ కూడా ఉంది. నాకు ఏ ఊళ్ళోనూ అంత స్వాగతం దొరకలేదు.

గంగులప్ప భార్య మంజుల మజ్జిగ ఇచ్చింది. తల్లి చెంగమ్మ అరుగు మీద కూర్చుని నన్నూ కొడుకునీ మార్చి మార్చి చూస్తోంది. ఒక్క మాట మాట్లాడదు.

"ఈ ఆవు పేరేంది?" అని అడిగాను, మాట కలపడానికి.

"లక్ష్మి మేడం," అన్నాడు గంగులప్ప.

"ఆ మచ్చలది?"

"గౌరి."

"ఆ కొమ్ము వంకరది?"

"అదీ... లక్ష్మే."

దాని పక్కది కూడా లక్ష్మే. దాని పక్కది కూడా. ఎనిమిదింటిలో ఐదు లక్ష్ములు తేలాయి. అరుగు మీద చెంగమ్మ గట్టిగా దగ్గింది.

కాగితాలు నింపుతూ, మంజులతో మాట్లాడుతూ ఐదైపోయింది. పాలు పిండే వేళ. పల్లెలో ఆ వేళ మనుషులకంటే ముందు ఆవులకు తెలుస్తుంది. కొమ్ము వంకర లక్ష్మి ఒకసారి అరిచి, తల విదిలించి, వదులుగా కట్టిన తాడు ఊడబెరుక్కుని వీధిలోకి నడిచింది. దాని వెనక ఇంకొకటి. తరవాత బంతిపూల దండ. అలా ఐదు వరసగా పోయి, వీధిలో తలా ఒక ఇంట్లోకి తిరిగాయి. రెండిళ్ళవతల ఎవరో ఆడమనిషి గొంతు వినపడింది: "ఏమే, పొయ్యొచ్చినావా? పని అయ్యిందా?"

గంగులప్ప గొంతు సవరించుకున్నాడు. "మేతకు పోతాండాయి మేడం."

"తలా ఒక ఇంట్లోనా?"

అప్పటిదాకా మాట్లాడని చెంగమ్మ అందుకుంది. "నేను పొద్దన్నే సెప్పినా. మనుసులకు సెప్తే నీ కోసం అబద్దం ఆడతారు. ఆవుకెట్ల సెప్తావురా?"

"నువ్వు ఊరుకో మా!"

"నేను ఊరుకున్న్యా. అవే ఊరుకోలా."

ముందు మంజుల నవ్వింది. తరవాత నేను. చివరికి గంగులప్ప కూడా నవ్వక తప్పలేదు. అతను మోసగాడు కాదు. బ్యాంకు వాళ్ళు చూడ్డానికి వస్తే ఆవుల్ని ఇరుగుపొరుగుకు అరువివ్వడం ఆ వీధిలో మామూలే, పెళ్ళికి గంగాళాలు ఇచ్చినట్టు. పోయిన నెల అతని ఆవులు కూడా ఎవరి ఇంటికో పోయొచ్చాయట. అవి క్రమశిక్షణ గలవి, చెప్పిందాకా కదలలేదట.

మిగిలినవి మూడు ఆవులు, ఆటో. మామూలు నెలకు ఇరవై మూడు వేలు, చెడ్డ నెలకు పద్దెనిమిది. మూడో వంతు ఆరు వేల కంతు. ఐదు లక్షలు.

"ఐదు లచ్చలా!" అన్నాడు గంగులప్ప. "ఐదు లచ్చలకు మా తోడల్లుడు గేటు పెట్టించినాడు మేడం."

"అంత గేటు పెట్టాక ఇంటి తాళం ఎందుకు, దండగ," అన్నాను.

ఈసారి నవ్వలేదు. "మీరియ్యకపోతే మానె. మిగిల్నది ఫైనాన్సోళ్ళు ఇస్తారు. వాళ్ళు ఆవుల్ని లెక్క పెట్టరు."

ఆ మాటకు నా జోకులు ఆగిపోయాయి. ఎందుకంటే అది నిజం. ఈ ఉద్యోగంలో ఎవరూ చెప్పని సంగతి ఇదే. మేం అప్పు తగ్గిస్తే మనిషి కోరిక తగ్గదు. మేం ఇవ్వని పది లక్షలు అతను వారం వారం వసూలు చేసే ఫైనాన్స్‌లో తెస్తాడు. అక్కడ వడ్డీ మా దగ్గరికంటే ఎన్నో రెట్లు. ఏడాది తిరక్కుండా ఆటో పోతుంది, తరవాత ఆవులు. నేను మాత్రం సరైన అంకె రాశానని ఫైలు మూసి నిద్రపోవచ్చు. అలా సరైన అంకెలు రాసి ఇళ్ళు పోగొట్టిన ఫైళ్ళు నా దగ్గర రెండున్నాయి.

ఉత్తుత్తి కంతు

ఫైలు తీసుకెళ్ళి కుప్పుస్వామి సారు ముందు పెట్టాను. ఆవుల కథ విని కళ్ళనీళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు. ఫైనాన్స్ మాట విని నవ్వు ఆపేశాడు. "పిలువమ్మా ఆ పిల్లోన్ని," అన్నాడు.

గంగులప్ప వచ్చాడు. కోపంగా ఉన్నాడు గానీ వచ్చాడు.

"పదిహేను లక్షలకు కంతెంతప్పా?" అన్నాడు సారు.

"పద్దెనిమిది వేలు. మేడం సెప్పింది."

"కడతావా?"

"కడతా."

"అయితే ఇప్పట్నించే కట్టు. నాకు గాదు. పోస్టాఫీసులో నీ పేరుతో, నీ పుస్తకంలో నువ్వే వేసుకో. మూడు నెలలు. నీ దుడ్డు నీ దగ్గరే ఉంటాది. మూడు నెలలు తప్పకుండా వేస్తివా, పదిహేను లక్షలకు పై ఆఫీసోళ్ళతో నేను కొట్లాడతా."

గంగులప్ప అనుమానంగా చూశాడు. "ఇంతేనా?"

"ఇంతే. అప్పు తెచ్చి వేయగూడదు. ఆవును అమ్మి వేయగూడదు. ఈ మూడు నెలలు ఫైనాన్సోళ్ళ గుమ్మం తొక్కగూడదు."

"స్థలానికి గడువు నాలుగు నెల్లుండాది సార్."

"నేను అడిగింది మూడే గదా."

కంపెనీ నియమాల పుస్తకంలో ఇది లేదు, వెతక్కండి. సారు సొంత పద్ధతి. నా అభిప్రాయం అడిగితే, ఇల్లు కట్టాలనుకునే ఎవరైనా, ఎంత జీతమొచ్చేవాళ్ళయినా, ముందు ఈ ఉత్తుత్తి కంతు కట్టి చూసుకోవాలి. అప్పు ఎంత తీసుకోవచ్చో మా క్యాలిక్యులేటర్ చెబుతుంది. ఎంత మోయగలరో మూడు నెలలు మోస్తేనే తెలుస్తుంది. ఖర్చు లేని పరీక్ష. ఫెయిలైతే మీ డబ్బు మీకే మిగులుతుంది. ఇంత మంచి ఫెయిలు ఇంకెక్కడా దొరకదు.

మొదటి నెల గంగులప్ప పద్దెనిమిది వేలూ వేశాడు. పుస్తకం తెచ్చి నాకు, సారుకు, క్యాషియర్‌కు, వాటర్ క్యాన్ వేయడానికొచ్చిన మనిషికి చూపించాడు. రెండో నెల కూడా వేశాడు. ఈసారి నాకొక్కదానికే చూపించాడు. ఆదివారాలు కూడా ఆటో తిప్పాడట. మంజుల టమోటాలు గ్రేడింగు చేసే కూలికి పోయిందట.

మూడో నెల పదో తేదీ దాటినా రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఫైనాన్స్ వాళ్ళ దగ్గరకు పోయాడనే అనుకున్నాను. స్కూటీ తీసుకుని బయల్దేరాను. దారి పొడుగునా గంగులప్పను ఏమేం అడగాలో తయారు చేసుకున్నాను. చాలా గంభీరమైన మాటలు వచ్చాయి. ఒక్కటీ వాడే అవసరం రాలేదు.

చెంగమ్మ సమ్మె

ఆ ఇంట్లో నేను ఊహించిన గొడవ లేదు. వేరే గొడవ ఉంది. చెంగమ్మ అరుగు మీద గోడవైపు తిరిగి కూర్చుంది. పక్కన గాజు గ్లాసులో నల్లటి టీ, నిండుగా, చల్లారిపోయి ఉంది. గంగులప్ప మెట్టు మీద కూర్చున్నాడు. మంజుల గడపలో నిలబడింది.

"ఏమైంది?" అన్నాను.

"ఒగ ఆవు వట్టిపోయింది మేడం," అంది మంజుల. "రెండింటి పాలే. పద్దెనిమిది వేలు కావాలంటే ఇంట్లోకి సుక్క పెట్టుకోకుండా అంతా కేంద్రానికి పోయాల్సి వచ్చె. పిల్లోళ్ళు రాగిజావ తాగి ఊరుకున్నారు. అత్త ఊరుకోలా."

"యాల ఊరుకోవాల?" గోడవైపే చూస్తూ అంది చెంగమ్మ. "గడ్డి కోసేది నేను. పేడ తీసేది నేను. ఇంత సేసి డికాసన్ తాగాల్నా?"

"మూడు నెల్లే మా," అన్నాడు గంగులప్ప.

"మూడు నెల్లా? ఆ మేడం నడుగు, నీ కంతు ఎన్నాళ్ళో."

ముగ్గురూ నావైపు చూశారు. నా ఉద్యోగ జీవితంలో అంత కష్టమైన ప్రశ్న ఎవరూ అడగలేదు.

"పదిహేనేళ్ళు," అన్నాను.

"అప్పిటికి నేనుంటానా?"

"ఉంటావులే అవ్వా."

"ఉంటే పదిహేనేండ్లూ డికాసనే గదా!"

గంగులప్ప తల పట్టుకున్నాడు. తరవాత లేచి లోపలికి వెళ్ళి పోస్టాఫీసు పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. మూడో నెల పదకొండు వేలే పడ్డాయి. ఫైనాన్సుకు పోలేదు. పోదామని పుంగనూరు బస్టాండు దాకా వెళ్ళి, అక్కడ ఒక టీ తాగి వెనక్కొచ్చాడట.

"టీ తాగినావా?" చెంగమ్మ అప్పుడు ఇటు తిరిగింది. "పాలు పోసిందా?"

గంగులప్ప తల గోక్కున్నాడు. అదే జవాబు.

తరవాత అతనే అన్నాడు, మెల్లగా. "ఒగ ఆవు వట్టిపోతేనే ఇట్లుండాది మేడం. ఇంగోటి గూడా వట్టిపోయుంటే?" మెట్టు మీద నుంచి లేచాడు. "పల్లెలో మా కళ్ళం పక్క మా జాగా ఉండాది. నా పేరుతోనే. ఆడ రెండు రూములేస్తే ఎంతైతాది?"

మంజుల దగ్గర ఆ లెక్క ముందే ఉంది. రెండు గదులు, వంటిల్లు, స్నానాలగది, బయటి నుంచి మెట్లు. మేస్త్రీనొకడిని అడిగి పెట్టుకుందట. ఎప్పుడని అడిగితే, "మీరు ఆవుల్ని సూసిపోయిన మరుసటి దినం," అంది. పోస్టాఫీసులో పడిన నలభై ఏడు వేలతో పునాది లేస్తుందని కూడా చెప్పింది.

పుంగనూరు స్థలానికి ఇచ్చిన ఇరవై వేలలో పది వేలు బ్రోకరు తిరిగిచ్చాడు. మిగతా పది వేలు గంగులప్ప వదులుకున్నాడు. తోడల్లుడికి మాత్రం రేట్లు పెరిగిపోయాయని చెప్పాడట. అది అతని ఇష్టం, నా ఫైలుకు సంబంధం లేదు.

ఆ ఫారంలో లేని గడి

తరవాతి వారం గంగులప్ప, మంజుల ఆఫీసుకు వచ్చారు. కుప్పుస్వామి సారు పోస్టాఫీసు పుస్తకం అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆవు వట్టిపోయిన నెల్లో పదకొండు వేలు వేసినాడంటే గట్టోడేనమ్మా. ఐదుకు బదులు ఆరు లక్షలియ్యి," అన్నాడు. సారు నోట ఎక్కువ ఇవ్వమన్న మాట నేను వినడం అదే మొదటిసారి. వెంటనే ఆరు లక్షలకు ఫారం నింపాను, ఆయన మనసు మారకముందే.

సంతకం దగ్గర గంగులప్ప పెన్ను పట్టుకుని ఆగాడు. మంజులతో ఏదో గుసగుస. వేళ్ళ మీద లెక్క.

"మేడం, ఐదున్నర సెయ్యండి."

"ఆరు వస్తుందప్పా. సారే ఇవ్వమన్నారు."

"తెల్సు మేడం. ఆరుకు కంతు ఏడువేల రెండొందలు. ఐదున్నరకు ఆరువేల ఆరొందలు. నెలకు ఆరొందలు తేడా. దినానికి ఇరవై రూపాయలు." మంజులవైపు చూశాడు. ఆమె తల ఊపింది. "అర్ధ లీటరు పాలు. మా అమ్మకు."

పద్నాలుగేళ్ళలో అప్పు పెంచమని ఏడ్చినవాళ్ళను చూశాను, తిట్టినవాళ్ళను చూశాను. ఒకాయన నా టేబుల్ మీద కోడిని కూడా పెట్టాడు. ఇస్తానన్నది తగ్గించమన్నవాడు ఇతనొక్కడే. నేను ముక్కు తుడుచుకున్నాను. ఏసీ చల్లదనం వల్ల అయ్యుంటుంది. మా ఆఫీసులో ఏసీ పనిచేయదు.

ఫారం మళ్ళీ నింపాను. అర్హత కంటే ఎక్కువ ఎందుకు ఇస్తున్నారో రాయడానికి అందులో మూడు గడులున్నాయి. తక్కువ ఎందుకు తీసుకుంటున్నారో రాయడానికి ఒక్కటీ లేదు. చివర 'ఇతర వివరాలు' దగ్గర 'ఇంట్లో అవ్వ టీకి పాలు' అని రాసి పంపించాను.

రెండు రోజులకు పై ఆఫీసు నుంచి ఒక కుర్ర గొంతు ఫోన్ చేసింది. "మేడం, ఈ 'అవ్వ టీ' ఏంటండీ? అప్పుల కింద చూపించాలా, ఖర్చుల కింద చూపించాలా?"

నేను సారువైపు చూశాను. ఆయన చెయ్యి చాచి ఫోను తీసుకున్నాడు.

"ఖర్చే రాసుకోండి," అన్నాడు. "నెలకు ఆరు వందలు. లోను గడువంతా."

అటువైపు నుంచి కీబోర్డు చప్పుడు వినిపించింది. సాయంత్రానికి ఐదున్నర లక్షలు సాంక్షనయ్యాయి. చెంగమ్మకు అప్పుడు డెబ్బై రెండేళ్ళు. కంపెనీ రికార్డుల ప్రకారం ఆమె ఎనభై ఏడు దాకా పాలు పోసిన టీయే తాగుతుంది.